పూమేనుకు పురుడు పోసిన పున్నమ్మ

మనుషులకు పురుడు పోసే మంత్రసానులు ఊరికొకరు ఉండేవారు. చేపకు పురుడు పోసిన మంత్రసాని మాత్రం మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా లేదు. కాదనేవాళ్లుంటే నా ఎదురుగా వచ్చి అనమనండి. నేను కళ్లారా చూసినదాన్ని. పైగా ఆ చేప చేతిలో దెబ్బ తిన్నదాన్ని. చేపకు చేతులేమిటని అడక్కండి, ముందు వినండి.

నా పేరు వెంకటేశ్వరమ్మ. పుట్టింది చీరాలలో, మగ్గాల ఇంట్లో. నూలు తెలుసు, రంగులు తెలుసు, చెరువు మాత్రం తెలియదు. గొట్టిమళ్ళకు కోడలిగా వచ్చాకే చెరువు విలువ తెలిసింది. చుట్టూ నల్లరేగడి, పత్తిచేలు, మిరపతోటలు. బావి తవ్వితే ఉప్పునీళ్లు. ఊరి ప్రాణమంతా మంచినీళ్ల చెరువులోనే ఉండేది. అందులో గొడ్లు దిగకూడదు, గుడ్డ తడపకూడదు, కాళ్లు కడగకూడదు. రాతిమెట్ల రేవులో బిందె ముంచుకుని రావాలి, అంతే. ఇదంతా ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల మాట.

పున్నమ్మ మా వీధి చివర ఉండేది. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమె నడిచొస్తుంటే వీధి ఇరుకైపోయేది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది, ఆ నోటితోనే ఊరందరినీ తిట్టేది. ఎదురుచెప్పినవాడు లేడు. చెబితే, "నీ బొడ్డు కోసినదాన్నిరా నేను, నాకు చెబుతావా?" అనేది. ఊళ్లో సగం మంది బొడ్లు ఆమె కోసినవే కాబట్టి, ఎంత మోతుబరి అయినా కండువా సర్దుకుని పక్కకు తప్పుకునేవాడు.

ఏ ఇంట్లో కాన్పయినా ఆ గుమ్మానికి పున్నమ్మ వేపమండ కట్టేది. ఆ మండ ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు ఆమెది. మగవాళ్లు గడప తొక్కకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, బాలింతను ఎవరూ కదిలించకూడదు. ఆడబిడ్డలు, అత్తగార్లు కూడా ఆ మండను చూసి గొంతు తగ్గించేవారు. నా కాన్పులో ఆ మండ పుణ్యాన మా అత్త నోరు మూసుకున్న రోజులు నాకింకా గుర్తే.

తొలకరి పడిన రోజుల్లో ఒక పొద్దున నీళ్లకు వెళ్లాను. తూము పక్కన నీళ్లు ఉడుకుతున్నాయి. నిజంగా, అన్నం ఎసరు లాగా బుడబుడమని ఉడుకుతున్నాయి. ఖాళీ బిందెతో ఇంటికి పరుగెత్తాను.

మా అత్త పేరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "చెరువు ఉడకడమేంటే? జ్వరం గానీ తగిలిందా నీకు?"

వీధిలో పోతున్న పున్నమ్మ చెవిన ఈ మాట పడింది. చుట్ట నోట్లోంచి తీసింది. "ఏమే చీరాల పిల్లా, ఎక్కడ ఉడుకుతోంది? తూము దగ్గరా? పద పద, కాళ్లు కదుపు" అంటూ నాకన్నా ముందే పరుగు తీసింది. అంత మనిషి పరుగెత్తడం అప్పుడే చూశాను.

దగ్గరికి వెళ్లి చూస్తే ఉడుకుతున్నవి నీళ్లు కావు. చేపపిల్లలు. ఎన్ని వేలో. బియ్యపు గింజంత ఒక్కొక్కటి, నల్లటి ఒంటి మీద నారింజ చార. గుంపంతా ఒక్కసారే పైకి వచ్చి గాలి మింగుతోంది, ఒక్కసారే కిందికి మునుగుతోంది. నాకు ఒళ్లు పులకరించింది. ఇంతలో వాటి అడుగున ఒక దుంగ కదిలింది. కదిలి, పైకి లేచి, 'గుబుక్' మని ఒక గుక్క గాలి మింగి మళ్లీ దిగిపోయింది. పాము తల లాంటి తల, ఒళ్లంతా తెల్లచుక్కలు, తోక మొదట్లో నారింజ అంచు పెట్టిన నల్లటి కన్ను. నిలబెడితే మా ఆయన రొమ్ము దాకా వస్తుంది.

"పూమేను" అంది పున్నమ్మ. "కొరమేనుకు పెద్దక్కే ఇది. నా చిన్నప్పుడు ఏ చెరువులో చూసినా ఉండేది. ఇన్నేళ్లకు మళ్లీ కనపడింది తల్లి."

ఎందుకు కనపడకుండా పోయిందో అక్కడే మెట్ల మీద కూర్చుని చెప్పింది. నాచును తోకతో ఊడ్చి, గుండ్రంగా జాగా చేసుకుని గుడ్లు పెడుతుందట. పసుపు పూసల్లా నీళ్ల మీద తేలతాయట. పిల్లలయ్యాక నెలకు పైగా వాటిని వదలదట. ఏ కొంగ వచ్చినా, ఏ పాము వచ్చినా మీదపడుతుందట. వేరే ఏ చేపైనా అలికిడి వింటే పారిపోతుంది, ఇది పిల్లల్ని విడిచి పారిపోదు.

"అదేనే దీని కొంప ముంచేది. పారిపోనిదాన్ని పట్టడం ఎంతసేపు? పిల్లల మధ్యకు గాలం లాగితే కోపంతో వచ్చి కరుస్తుంది. దీన్ని పట్టుకుపోతే ఆ పిల్లలు సాయంత్రానికి కప్పల పాలు. అట్లా ఒక్కో చెరువూ గొడ్డుపోయింది. ఇది కూడా పోయిందా, ఈ చుట్టుపక్కల పూమేను మాట ఇక మర్చిపోవచ్చు."

మర్నాడు నేను బిందె కాస్త ఎడంగానే ముంచాననుకున్నాను. దానికి అలా అనిపించలేదు కాబోలు. 'ధన్' మని వచ్చి బిందెను గుద్దింది. బిందె చేజారి మునిగిపోయింది, నేను వెల్లకిలా మెట్ల మీద పడ్డాను, మణికట్టు బెణికింది. పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె. నేను ఏడుస్తుంటే పున్నమ్మ నోట్లో చుట్ట జారిపడేలా నవ్వింది.

"బాలింతను కదిలిస్తే ఊరుకుంటుందా? నువ్వు ఊరుకున్నావా, మీ అత్త నీ పిల్లాడిని లాక్కోబోతే?"

నవ్వడం ఆపేసింది. లేచి విసవిసా వెళ్లి ఇంత వేపమండ విరుచుకొచ్చింది. రేవు మొదట్లో ఉన్న రాతిస్తంభానికి కట్టేసింది. "పురుడు పురుడే. మనిషైతేనేం, చేపైతేనేం. ఈ మండ ఉన్నన్నాళ్లూ ఇటు ఒక్క గాలం రాకూడదు. బిందెలు అవతలి కొసన ముంచుకోండి."

మండ కట్టింది మొదలు రేవు జాతరయింది. పొద్దున్నే ఆడవాళ్లంతా బిందెలు దింపి మెట్ల మీద బారులు తీరేవాళ్లం. ఇళ్లల్లో పొయ్యి వెలిగేది కాదు, మగవాళ్లు మండిపడేవారు. పడనీ అనుకునేవాళ్లం. ఒకరోజు నీటికాకి ఒకటి పిల్లల గుంపులోకి బుడుంగున దూకింది. నీళ్లు రెండుగా చీలాయి. పూమేను సగం ఒళ్లు బయటికి వచ్చేలా ఎగిరింది. నీటికాకి ఎలా బతికిపోయిందో దానికే తెలియాలి, నాలుగు ఈకలు మాత్రం నీళ్లపై మిగిలాయి. రేవంతా ఒకటే చప్పట్లు. మా అత్త పేరమ్మ నేను కోడలినని మర్చిపోయి నన్ను వాటేసుకుంది, మళ్లీ గుర్తొచ్చి వదిలేసింది.

పున్నమ్మ అక్కడితో ఆగుతుందా? బాలింతకు పథ్యం పెట్టాలంది. వెల్లుల్లికారం కలిపిన అన్నం ముద్దలు చేసి తెచ్చి నీళ్లల్లో వేసింది. పూమేను వాటి మొహం చూడలేదు. చిన్న చిన్న పరిగె చేపలు వచ్చి తినిపోయాయి. "నోరు చేదుగా ఉందేమో పాపం, కాన్పయినవాళ్లకు మామూలే" అంటూ మర్నాడు ఇంకాస్త నెయ్యి వేసి తెచ్చింది. ఆ పరిగెలు బాగా బలిశాయి.

ఇలా ఉండగా మా ప్రెసిడెంటు రాఘవులు గారి కన్ను దాని మీద పడింది. ఊళ్లో కొత్త బడి కట్టారు. దాన్ని తెరవడానికి గుంటూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. ఆయనకు చేపలంటే ప్రాణమని ఎవరో చెప్పారు. రాఘవులు గారు తెల్లపంచె ఎగ్గట్టుకుని రేవుకు వచ్చారు.

"పున్నమ్మా, ఆ మండ విప్పెయ్. ఈ చేపను చూస్తే ఆఫీసరు మన ఊరిని జన్మలో మర్చిపోడు."

"బాలింతను కోసి కూర వండుతావా రాఘవులూ? నీ బొడ్డు కోసిన చేతులతో విప్పమంటావా ఆ మండ?"

చుట్టూ ఆడవాళ్లం. ఆయన మొహం కందిపోయింది. మండ మీద చెయ్యి వేయడానికి ధైర్యం చాలలేదు. ఊళ్లో గాలం వేసే మగవాళ్లను అడిగితే, వాళ్ల పెళ్లాలు ఇంట్లోంచి కదలనివ్వలేదు. "మీవల్ల కాకపోతే ఖాదర్ వలిని పిలిపిస్తా" అని వెళ్లిపోయారు.

ఖాదర్ వలి పేరు వినగానే పున్నమ్మ మెట్టు మీద కూలబడింది.

ఖాదర్ వలి మా ఊరివాడే. నల్లపాడులో రైల్వే గేటు దగ్గర పని. గాలం వేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అతని భార్య జైతున్‌బీ కాన్పు మా ఊళ్లోనే, పున్నమ్మ చేతుల మీదే జరిగింది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. పున్నమ్మ ఆ కాన్పు మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే లేచిపోయేది. మళ్లీ పెళ్లి చేసుకోమని ఖాదర్‌కు అందరూ చెప్పారు. వినలేదు. పసిగుడ్డును గుడ్డజోలెలో మెడకు కట్టుకుని గేటు వేసేవాడు, గేటు తీసేవాడు. మేకపాలు పట్టాడు, ముడ్డి కడిగాడు, జడలు వేశాడు. ఊళ్లో మగవాళ్లు అది చూసి పడీపడీ నవ్వి, 'మగబాలింత' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది రాఘవులు గారే. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఖాదర్ మాత్రం తల వంచుకుని పోయేవాడు.

అతను సైకిలు మీద వచ్చాడు. ముందు కడ్డీ మీద ఆ పిల్ల చాంద్‌బీ కూర్చుని ఉంది, రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు. ఊరంతా కట్ట మీదికి చేరింది. ఖాదర్ బుట్టలోంచి బతికున్న కప్పను తీశాడు. పెద్ద గాలానికి దాని తొడ చర్మం గుచ్చాడు. పున్నమ్మ రెండో మెట్టు మీద, నీళ్లకూ అతనికీ మధ్య నిలబడింది.

"ఖాదరూ, వద్దు నాయనా. తల్లిని చంపకు. ఇది పోతే పిల్లలన్నీ పోతాయి."

ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. అతని మాటలో వెటకారమేమీ లేదు. "అత్తా, ఇది తల్లి కాదు. ఇట్లా పిల్లల్ని కాస్తున్నవాటిని నేను చాలా పట్టాను, కోశాను. ఆడదైతే లోపల గుడ్లజన ఉండే తీరు వేరు. ఎక్కువసార్లు పిల్లల కింద ఉండేది మగదే. ఇదీ మగదే. తల ఎంత లావుందో చూడు. ఇది తండ్రి."

పున్నమ్మ నీళ్లవైపు చూసింది, మండవైపు చూసింది. బాలింత అని కట్టింది, బాలింతకని పథ్యం పెట్టింది. ఊరినంతటినీ ఆపిన ఆ ఒక్క మాట ఉత్తదైపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఖాదర్ మీద పట్టరాని కోపమొచ్చింది.

రాఘవులు గారి ఆనందం చెప్పనలవి కాదు. నాలుగంగల్లో దిగి వచ్చి మండను పుటుక్కున తెంపి మెట్ల మీద పారేశారు. "మగాడికి పురుడేంటే పున్నమ్మా? మగబాలింతా ఇది?" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

కట్ట మీద మగవాళ్లంతా గొల్లుమన్నారు. అలవాటైన నవ్వు అది. అంతలోనే ఒక పక్క నుంచి ఆగిపోవడం మొదలైంది. ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. మాట ఎవరికి తగిలిందో అందరికీ అర్థమైంది. రాఘవులు గారి నవ్వు ఒక్కటే కాసేపు వినిపించి, అదీ ఆగింది.

ఖాదర్ వలి కదల్లేదు. గాలం కర్ర చేతిలోనే ఉంది, కప్ప దారానికి వేలాడుతూ తన్నుకుంటోంది. అతను పిల్లల గుంపును చూస్తున్నాడు. అది పైకి వచ్చింది, గాలి మింగింది, దిగింది. దాని వెనకే ఆ పెద్ద తల పైకి వచ్చి మమ్మల్నందరినీ చూసినట్టు ఆగి, నెమ్మదిగా గుంపు కిందికి చేరింది. సైకిలు పక్కన చాంద్‌బీ రిబ్బను కొస నములుతూ నిలబడి ఉంది.

పున్నమ్మ వంగి తెగిపోయిన మండను ఏరుకుంది. మెట్లెక్కి ఖాదర్ దగ్గరికి వెళ్లింది. అరవలేదు.

"తల్లనుకుని కట్టాను ఖాదరూ. తెలియక కట్టాను. ఇప్పుడు తెలిసింది గదా. నువ్వు కట్టు."

ఖాదర్ ఆ మండ వైపు చూశాడు. "జైతున్ కాన్పుకు నువ్వు మా గుమ్మానికి కట్టిన మండను నేను విప్పలేదత్తా. ఆకులన్నీ రాలిపోయినా ఉంచాను. విప్పితే జైతున్ నిజంగా పోయినట్టవుతుందనిపించింది" అన్నాడు. కన్నీళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. మగవాడు అలా అందరి ఎదుటా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మా అత్తతో సహా ఆడవాళ్లందరం కొంగులతో కళ్లొత్తుకున్నాం.

గాలం కర్ర కింద పెట్టాడు. మండ తీసుకుని స్తంభానికి కట్టాడు. గేటు గొలుసులు కట్టే చేతులు కదా, రాఘవులు గారు కాదు కదా, ఎవరు లాగినా ఊడనంత గట్టిగా ముడివేశాడు. తర్వాత కప్ప తొడలోంచి గాలం విడిపించి దాన్ని నీళ్లలోకి వదిలాడు. కప్ప రెండు బారలు ఈదిందో లేదో, నీళ్లు ఫెళ్లున లేచాయి, కప్ప లేదు.

పున్నమ్మ కేక పెట్టి నవ్వింది. "ఇదిరా పథ్యమంటే. ఇన్నాళ్లూ నేను వెల్లుల్లికారం పెట్టి చంపుతున్నాను వాణ్ణి."

ఆమె ఆ చేపను 'వాడు' అనడం అప్పుడే మొదలైంది. మేమూ అలాగే అనడం నేర్చుకున్నాం. కట్టంతా నవ్వులు. ఆ నవ్వు వేరు, అందులో ఖాదర్ కూడా ఉన్నాడు.

"మరి ఆఫీసరుకు ఏం పెట్టమంటారు?" అన్నారు రాఘవులు గారు నీరసంగా.

"గోంగూర పెట్టు, తింటాడు" అంది మా అత్త పేరమ్మ. ఆ ఆఫీసరు నిజంగానే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

అప్పటి నుంచి ఏటా తొలకరికి ఖాదర్ నల్లపాడు నుంచి వచ్చి రేవుకు మండ కట్టేవాడు. చాంద్‌బీ ఆ స్తంభాన్ని పట్టుకుని నిలబడేది. చూస్తుండగా చెరువులో ఒకచోట ఉడికే నీళ్లు మూడు నాలుగు చోట్ల ఉడకసాగాయి. అరవైల్లో పత్తికీ మిరపకూ ఎండ్రిన్ పురుగుమందు కొట్టడం వచ్చింది. మందు కొట్టిన డబ్బాలు చెరువుల్లో కడిగారు, పక్క ఊళ్ల చెరువుల్లో చేపలు తెల్లగా తేలాయి. మా రేవుకు కూడా ఒక కుర్రరైతు డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు. అతన్ని ఆపింది ఎవరనుకున్నారు? రాఘవులు గారు. చేతికర్ర ఆడిస్తూ, "కళ్లు కనపడట్లేదా? మండ ఉంది. పిల్లలున్నాయి లోపల" అని కట్ట దాకా తరిమారు. కాలం ఎంత చిత్రమైందో చూడండి.

పున్నమ్మకు చూపు మందగించింది. కాన్పులు మానేసింది. రేవులో కూర్చుని 'గుబుక్' అన్న శబ్దం కోసం చెవి ఒగ్గేది. వినపడగానే, "వచ్చాడే చీరాల పిల్లా, వాడో, వాడి కొడుకో" అనేది. నాకప్పటికి నలుగురు పిల్లలు, అయినా నేను చీరాల పిల్లనే.

అప్పుడు, పెళ్లయిన చాంద్‌బీ నిండు నెలలతో మా ఊరు వచ్చింది. గుంటూరులో పెద్దాసుపత్రి ఉంది కదా అంటే, పున్నమ్మ అమ్మమ్మ చేతుల్లోనే అంది. పున్నమ్మ వద్దంది. చేతులు వణుకుతున్నాయంది. అసలు భయం అది కాదని నాకు తెలుసు. "నా చేతులతో దాని తల్లిని పోగొట్టుకున్నానే" అంది నాతో, మొదటిసారి నోరు తెరిచి. ఖాదర్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇవే కావాలత్తా మాకు" అన్నాడు.

నేను లోపల పక్కనే ఉన్నాను. పున్నమ్మ కళ్లు మూసుకునే పని చేసింది. ఆ చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. బయట అరుగు మీద ఖాదర్ మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. బిడ్డ ఏడుపు వినపడ్డా తల ఎత్తలేదు. ఒకసారి బిడ్డ ఏడుపు విని సంతోషించి మోసపోయినవాడు.

పున్నమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. తడిమి అతని తల మీద చెయ్యి వేసింది.

"ఇద్దరూ ఉన్నార్రా ఖాదరూ. ఈసారి ఇద్దరూ ఉన్నారు."

ఆ రోజు తొలకరి జల్లు పడుతోంది. ఖాదర్ వలి లేచి వేపచెట్టు దగ్గరికి వెళ్లి రెండు మండలు విరిచాడు. ఒకటి గుమ్మానికి కట్టి, రెండోది పట్టుకుని చెరువు వైపు నడిచాడు.